స్టాండప్ కామెడీ: కళయు, వృత్తియు

వేషము లేక, తోడినటుడు లేక, వెనుక చిత్రించిన తెర లేక, ఒక వ్యక్తి మైకు ముందర నిలుచుండి, ఎదుట కూర్చున్న అపరిచితులతో ముఖాముఖిగా మాటలాడుచు, ఆ మాటల బలముననే వారిని నిమిషమునకు నాలుగైదు పర్యాయములు నవ్వింప బూనుకొను ప్రదర్శనకళకు స్టాండప్ కామెడీ యని పేరు. నాటకమునందలి విదూషకుడు రాజుతో పలుకును. సభ ఆ పలుకులను ప్రక్కనుండి వినును. స్టాండప్ కళాకారుడు, అనగా కమెడియన్, సభతోనే పలుకును. సభ నవ్వినను, నవ్వక మిన్నకున్నను అది అతనికి ప్రత్యుత్తరమే యగును.

తక్కిన వాక్కళలకు లేని నిర్బంధ మొకటి దీనికి గలదు. కవి యేకాంతమున పద్యము నల్లుకొనగలడు. గాయకుడు తలుపు మూసికొని సాధకము చేయగలడు. కమెడియన్ మాత్రము శ్రోతలు లేక సాధన చేయజాలడు. ఏలయన, ఒక వాక్యము నవ్వు పుట్టించునో లేదో నవ్వవలసినవాడు తేల్చవలసినదే కాని, వ్రాసినవాడు బల్లయొద్ద కూర్చుండి యూహించి తేల్చుకొనగలిగినది కాదు. కావున ఈ వృత్తిలో అడుగిడినవాడు మొదట సంపాదింపవలసిన ధనము వేదికమీది నిమిషము. ఆ నిమిషములను ఎవరు పంచిపెట్టిరి, ఏ షరతులకు లోబడి పంచిపెట్టిరి, వాని కొరకు కళాకారులు ఏమేమి యోర్చుకొనిరి అను విషయమును విడిచి ఈ కళయొక్క చరిత్రను చెప్పుట సాధ్యము కాదని ఈ వ్యాసకర్త యభిప్రాయము.

పుట్టుక

ఒంటరిగా నిలిచి పదిమందిని నవ్వించుట లోకమున క్రొత్త గాదు. తెలంగాణ పల్లెలలో చిరిగిన ఖాకీకోటు తొడిగి, నెత్తిన టోపి పెట్టి, భుజమున కొయ్యతుపాకి మోపుకొని, లేని మేడలను, లేని దండును, లేని ఆస్తిపాస్తులను గుక్క తిప్పుకొనక వర్ణించు పిట్టలదొర ఈ కళకు దగ్గరి చుట్టమే. అతనినే తుపాకి రాముడనియు, లత్కోరుసాబు అనియు జనులు పిలుతురు. అయితే పిట్టలదొరకు వేషము గలదు. తాతతండ్రులనుండి వచ్చిన పాఠము గలదు. స్టాండప్ కళాకారుడో, తన పేరుతో, తన నిత్యపు బట్టలలో, తన బ్రతుకును గూర్చి తాను కూర్చుకొన్న మాటలను పలుకును. ఈ రూపము అమెరికా సంయుక్త రాష్ట్రములలో, పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి, పలు తావులలో, కొంచెము కొంచెముగా నేర్పడినది.

మొదటి తావు ఉపన్యాసవేదిక. ఆర్టెమస్ వార్డ్ అను కలము పేరుతో ప్రసిద్ధుడైన చార్లెస్ ఫారర్ బ్రౌన్ (1834–1867) ఉపన్యాసమను పేర అసందర్భములను గంభీరవదనముతో పలుకుచు, జనులు పగలబడి నవ్వుచుండగా, ఎందులకు నవ్వుచున్నారో తన కర్థము కానట్లు నిలుచుండెడివాడు. ఆ పద్ధతిని శ్రద్ధగా గమనించిన మార్క్ ట్వేన్, 1866 అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున సాండ్విచ్ దీవులను, అనగా నేటి హవాయిని, గూర్చి ప్రసంగించి వేదికాజీవనము నారంభించెను. రెండవ తావు వాడెవిల్ అను వినోదశాల. టోనీ పాస్టర్ 1881లో న్యూయార్కు పదునాలుగవ వీధిలో కుటుంబములు రాదగిన మర్యాదగల ప్రదర్శనశాలను తెరచినది మొదలు, పాట, నృత్యము, గారడి, జంతువుల ఆటలు వరుసగా జరుగు ఈ శాలలు దేశమంతట వ్యాపించినవి. లోపల సామగ్రి మార్చుచుండగా ముందరి తెర యెదుట నిలిచి కాలక్షేపము చేయగల మనిషి యవసరము ఆ శాలల కుండెను. 1913లో తెరచిన ప్యాలెస్ థియేటరులో 1920ల నాటికి ఫ్రాంక్ ఫే అను ప్రయోక్త, ఆట ఆటకు నడుమ ఏ సాధనమును చేపట్టక వట్టి మాటలతో సభను వశపరచుకొని, ఆ ఖాళీ నిమిషములనే స్వతంత్ర ప్రదర్శనగా మార్చెను. 1932లో ఆ థియేటరు సినిమాశాల యగుటతో వాడెవిల్ యుగము ముగిసినదని చరిత్రకారులు చెప్పుదురు.

చితికిన వాడెవిల్‌నుండి కళాకారులు రెండు దారులు పట్టిరి. న్యూయార్కునకు ఉత్తరమున క్యాట్‌స్కిల్ కొండలలో యూదుల వేసవి విడుదులు వెలసి, అతిథులను పగలెల్ల నవ్వించుచు తిరుగుటకు జీతగాండ్రను పెట్టుకొనెను. వర్ణభేదము చట్టముగా నెగడిన ఆ దినములలో నల్లవారికి వేరు దారి యేర్పడెను. వారు తమవారి శాలలనే చుట్టి తిరుగవలసి వచ్చెను. ఆ దారిన వచ్చిన మామ్స్ మేబ్లీ (1894–1975) నలిగిన గౌను, వ్రేలాడు టోపి, బోసినోరుతో వృద్ధురాలి రూపము దాల్చి, పడుచుదానినోట వచ్చినచో సహింపబడని మాటలను అవ్వ పలుకులుగా చెల్లించుకొనుచు, హార్లెము నందలి అపోలో థియేటరులో దశాబ్దముల తరబడి నిలిచెను. తెల్లవారి మన్ననకు నోచుకొన్న కార్నెగీ హాలులో ఆమె ప్రదర్శన 1962లో గాని జరుగలేదు. ఆమెకు దక్కవలసిన నిమిషము లంత యాలస్యముగా దక్కుట ఈ చరిత్రలోని మనసు నొచ్చు ఘట్టములలో నొకటి.

క్లబ్బుల కాలము

1953 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కో నేలమాళిగలోని 'హంగ్రీ ఐ' అను చిన్న క్లబ్బున మార్ట్ సాల్ అను యువకుడు స్వెట్టరు తొడిగి, వార్తాపత్రికను చేత బట్టి, నాటి రాజకీయములను గూర్చి సంభాషణ ధోరణిలో మాటలాడనారంభించెను. అంతవరకు జోకులు పదిమంది సొత్తు. అత్తల మీద, పిసినారుల మీద అల్లిన చలోక్తులను ఒకరినుండి యొకరు అప్పుగా గైకొనుచుండిరి. సాల్‌తో మొదలై, చెప్పువాని బుద్ధియు, కోపమును, అభిప్రాయమును వేరుచేయరాని హాస్యము వేదిక నెక్కినది. అదే నగరమున 1955లో, ముప్పదియేడేండ్ల వయస్సున, అయిదుగురు బిడ్డల తల్లి ఫిలిస్ డిల్లర్ 'పర్పుల్ ఆనియన్' క్లబ్బున తొలిసారి నిలుచుండి, గృహిణి జీవితమునే ఇతివృత్తము గావించుకొనెను. 1961 జనవరిలో షికాగో ప్లేబోయ్ క్లబ్బున డిక్ గ్రెగరీ, దక్షిణ రాష్ట్రములనుండి వచ్చిన తెల్ల వ్యాపారులు అధికముగా గల సభ యెదుట వర్ణవివక్షను గూర్చి హాస్యమాడి మెప్పించుటతో, నల్ల కళాకారులకు తెల్లవారి క్లబ్బుల తలుపులు తెరచుకొనసాగినవి.

లెనీ బ్రూస్ (1925–1966) కథ వేరు. మతమును, కామమును, చట్టమును గూర్చి అతడు వేదికపై పలికిన మాటలు అశ్లీలములని 1961 మొదలు పలుచోట్ల పోలీసులు నిర్బంధించిరి. 1964లో న్యూయార్కు న్యాయస్థానము దోషియని తీర్పు చెప్పెను. అప్పీలు తేలకమునుపే అతడు మరణించెను. 2003 డిసెంబరులో ఆ రాష్ట్ర గవర్నరు క్షమాదానము చేసెను. 1972లో మిల్వాకీ నగరమున జార్జ్ కార్లిన్, టెలివిజనులో పలుకరాని ఏడు మాటల ప్రస్తావన చేసి నిర్బంధింపబడెను. ఆ ప్రసంగపు మరియొక రూపమును ప్రసారము చేసిన రేడియో కేంద్రపు వివాదము 1978లో సుప్రీంకోర్టు తీర్పుదాక సాగెను. మన దేశమునను ఇట్టి బాధ లేకపోలేదు. 2021 జనవరిలో ఇండోర్ నగరమున అరెస్టయిన మునావర్ ఫారూఖీ నెలకు పైగా చెరసాలలో నుండి సుప్రీంకోర్టు ఉత్తరువుతో విడుదలయ్యెను. మరుసటి యేడు ఆగస్టున హైదరాబాదు శిల్పకళావేదికలో అతని ప్రదర్శన గట్టి పోలీసు బందోబస్తు నడుమ జరిగెను.

హాస్యమునకే ప్రత్యేకింపబడిన క్లబ్బులు వచ్చిన పిదప నిమిషముల పంపకము ఒక వ్యవస్థగా నేర్పడినది. బడ్ ఫ్రీడ్‌మన్ 1963లో న్యూయార్కున 'ఇంప్రావ్' తెరచెను. 1972లో లాస్ ఏంజెలిస్ సన్‌సెట్ బులెవార్డుపై 'కామెడీ స్టోర్' వెలసి, కొలది కాలములోనే మిట్జీ షోర్ అను నామె యాజమాన్యము క్రిందికి వచ్చెను. జానీ కార్సన్ నడపు 'టునైట్ షో' టెలివిజను కార్యక్రమము లాస్ ఏంజెలిస్ పరిసరమునకు తరలివచ్చుటచే, అందు అయిదారు నిమిషములు దొరకినచో జన్మ ధన్యమగునని దేశము నలుమూలలనుండి యువకులు ఆ క్లబ్బు గుమ్మమున చేరిరి. రేయి రేయి ఆ గది నిండుచుండెను. టిక్కెట్ల వలనను పానీయముల వలనను ఆదాయము పెరుగుచుండెను. వేదికమీది వారికి మాత్రము చాలవరకు కానియైన ముట్టలేదు. ఇది విద్యాలయము, ఇచ్చట నిమిషము దొరకుటయే వేతనమని యజమానురాలి వాదము. మా పనిచే గది నిండుచుండగా మేము కూటికి వెదకికొననేల యని కళాకారుల వాదము. 1979 వసంతమున టామ్ డ్రీసన్ నాయకత్వమున వారు సమ్మె కట్టిరి. అప్పటికింకను పేరు రాని డేవిడ్ లెటర్‌మన్, జే లెనో వంటివారు ఆ పక్షమున నిలిచిరి. సుమారు ఆరు వారముల పిమ్మట సెట్టు ఒక్కింటికి, అనగా వేదికపై వంతు ఒక్కింటికి, 25 డాలర్లు ఇచ్చుటకు ఒడంబడిక కుదిరెను. మొత్తము చిన్నది; కాని నేర్చుకొనువాని నిమిషమునకు సైతము వెలగలదని ఆ కాగితము తొలిసారి యంగీకరించెను. ఇరుపక్షములయందును కొంత న్యాయము లేకపోలేదు గాని, ఈ వ్యాసకర్త మనస్సు మాత్రము సమ్మెచేసినవారి వైపే మొగ్గును. తలుపుకడ డబ్బు వసూలు చేయు విద్యాలయమున పాఠము చెప్పువానిని పస్తుంచుట న్యాయము గాదు.

ఆ 1979లోనే, మే మాసమున, లండను సోహో ప్రాంతమున అదే పేరుగల మరియొక కామెడీ స్టోర్ తెరచిరి. అచ్చట సభ ఒల్లనన్నచో గంట కొట్టి కళాకారుని దింపివేయు ఆచార ముండెను. ఎడింబరో నగరపు ఆగస్టు ఉత్సవములు గంటసేపు సాగు ఏకవస్తు ప్రదర్శనకు ప్రోత్సాహ మిచ్చినవి.

కట్టుబడి, సాధన

జోకునకు రెండు భాగములు. శ్రోత మనస్సున ఒక యూహను నిలుపు పూర్వభాగము సెటప్. ఆ యూహను తటాలున తలక్రిందులు చేయు ఉత్తరభాగము పంచ్. పూర్వభాగమున ఒక్క మాట యెక్కువైనను శ్రోత ముందుగా కనిపెట్టును, లేదా విసుగు చెందును. పంచ్‌లోని కీలకపదము వాక్యాంతమున పడనిచో, దాని వెనుక వచ్చు మాటలు నవ్వు క్రింద నలిగిపోవును, లేక నవ్వునే నలిపివేయును. క్రొత్త పూర్వభాగము అవసరము లేకయే అదే యూహపై మరల మరల పుట్టించు చిన్న నవ్వులకు ట్యాగులని పేరు. అరగంట క్రింద చెప్పి మరచిపోనిచ్చిన విషయమును ఎదురుచూడని చోట మరల తలపించుట కాల్‌బ్యాక్; సభ తాను గుర్తుపట్టితినను సంతోషముతో నవ్వును గనుక, అది కళాకారునికిని సభకును నడుమ స్నేహబంధము వంటి దగును.

వ్రాతబల్లపై పుట్టిన పుటలో వేదికను తట్టుకొని నిలుచునవి రెండు మూడు వాక్యములే. అభ్యాసి ప్రతి ప్రదర్శనను ఫోనులో రికార్డు చేసికొని, మరునాడు విని, ఏ మాటకు నవ్వు ముందుగా వచ్చెనో, ఎచ్చట దగ్గు వినబడెనో గుర్తించి, మాటలను తొలగించుచు, మార్చుచు, అదే జోకును పదులకొలది రాత్రులు చెప్పిచూచును. ఇట్లు చెక్కబడి, ఎట్టి సభయందైనను నిలువగల అయిదు నిమిషములకు 'టైట్ ఫైవ్' అని వాడుక. చూచువారికి అప్పటికప్పుడు తోచి పలికినట్లుండు మాట నూరవ మారు పలుకబడుచుండుట ఇందలి విశేషము. నూరవ మారును అది తొలిమారు వలె తోపవలెను. లేనిచో సభ వెంటనే పసిగట్టును.

గదికిని ఇందు పాలు గలదు. కప్పు తగ్గుగా నుండవలెను. కుర్చీలు ఒకదాని నొకటి ఒరయుచుండవలెను. సభ చీకటిలో, మాటలాడువాడు వెలుతురులో నుండవలెను. నవ్వు ఒకరినుండి యొకరికి అంటుకొనునది గావున, సగము నిండిన పెద్దహాలుకంటె కిక్కిరిసిన చిన్నగది మేలు. గడువు దగ్గరపడినప్పుడు గది వెనుకనుండి చిన్నదీపము వెలుగును. దానిని చూచియు మాటలాడుచుండుట తరువాతివాని నిమిషములను దొంగిలించుటయే గావున, ఈ వృత్తిలో అంతకంటె పెద్ద మర్యాదాలోపము లేదు.

సభనుండి అడ్డుమాట వేయువాడు తెలుగువారి కపరిచితుడు కాడు. అష్టావధానమున అప్రస్తుత ప్రసంగము చేయు పృచ్ఛకుడు, అవధాని సమస్యాపూరణమున మునిగియుండగా పెళ్ళివిందును గూర్చియో పాదరక్షలను గూర్చియో ప్రశ్న వేసి ధార తెంప జూచును. అవధాని చమత్కారముగా బదులిచ్చి, విడిచిన పాదమును మరల అందుకొనవలెను. కమెడియన్‌కు కావలసినదియు సరిగా ఈ రెండవ నేర్పే. బదులు చెప్పుట పలువురికి వచ్చును. చెప్పిన పిమ్మట తెగిన వాక్యమును తెగిన చోటనే ముడివేసి సభను వెంట దీసికొనిపోవుట సాధనచే గాని రాదు. నేడు సభ్యులను తానే పలుకరించి, వారి బదులులనుండి హాస్యము పుట్టించు 'క్రౌడ్ వర్క్' మిక్కిలి ప్రచారమున నున్నది.

జీవిక

ప్రవేశద్వారము ఓపెన్ మైక్. పేరు వ్రాయించుకొన్న యెవనికైనను మూడు నుండి అయిదు నిమిషము లిత్తురు. సభలో సగము మంది తమ వంతునకై వేచియున్న తోటి అభ్యాసులే యగుటచే నవ్వు అరుదు. పిదప హోస్టుగా సభను సిద్ధపరచుట. ఆ పిదప ఇరువది ముప్పది నిమిషముల నడిమి స్థానము. తుదకు టిక్కెట్టుపై తన పేరుతో ముప్పావు గంట మొదలు గంటవరకు నిలుచు ప్రధానస్థానము. అయిదు నిమిషములనుండి గంటకు ప్రయాణము ఏండ్ల పని. స్టీవ్ మార్టిన్ 2007లో ప్రకటించిన ఆత్మకథలో తన పదునెనిమిదేండ్ల స్టాండప్ జీవితమున పదియేండ్లు నేర్చుకొనుటకును, నాలుగేండ్లు మెరుగుపెట్టుకొనుటకును పోగా, గొప్ప విజయము ననుభవించినది నాలుగేండ్లేయని లెక్క చెప్పెను. వేలకొలది జనము నిండిన మైదానములలో తన సూక్ష్మమైన అభినయము కనబడక పోవుటచే అతడు 1981లో ఆ వృత్తిని విడిచెను. లెక్కలగుమాస్తాగా పనిచేసిన బాబ్ న్యూహార్ట్ అదివరకెన్నడు నైట్‌క్లబ్బు వేదిక నెక్కకయే, 1960లో హూస్టన్ నగరమున రికార్డుచేసిన తొలి గ్రామఫోను ఆల్బముతో ఆ యేటి ఉత్తమ ఆల్బము గ్రామీ పురస్కారము గెలిచిన మాట నిజమే. కాని అట్టి కథను నమ్ముకొని ఉద్యోగము మానుకొనిన యువకునికి ఎవరును బాధ్యులు గారు.

తొలి యేండ్లలో పగటి ఉద్యోగమే అన్నము పెట్టును. తరువాత క్లబ్బు వేతనము, టిక్కెట్ల డబ్బులో వాటా, కళాశాలల ఉత్సవములు, టెలివిజను రచన తోడగును. కంపెనీల విందు ప్రదర్శనలు అన్నింటికంటె ఎక్కువ ముట్టజెప్పును. కాని తినుచు మాటలాడుకొనుచున్న సభ యెదుట, ఎవరిని నొప్పింపరాదను షరతుపై నిలుచుట కష్టము.

పాటగానిని ప్రజలు పాత పాటనే పాడుమందురు. కమెడియన్ పాత జోకు చెప్పినచో మొగము చిట్లింతురు. వాడెవిల్ దినములలో పదిహేను నిమిషముల పాఠముతో ఊరూరు తిరిగి ఏండ్లు గడపగలిగినవాడు, టెలివిజనులో ఒక్కమారు కనబడినంతనే ఆ పాఠమును పోగొట్టుకొనెను. 1975 చివర హెచ్‌బీఓ ఛానల్ గంటసేపటి ప్రత్యేక ప్రదర్శనల నారంభించెను. రిచర్డ్ ప్రయర్ తన పాఠమును కామెడీ స్టోర్ వేదికపై రాత్రుల తరబడి మెరుగుపెట్టి, 1978 డిసెంబరులో లాంగ్ బీచ్ నగరమున చిత్రింపించిన 'లైవ్ ఇన్ కన్సర్ట్' 1979లో సినిమాశాలల కెక్కినది. తన గుండెపోటును, తన తండ్రి దండనను, తన తప్పులను ఒక్కడే పలు పాత్రలై అభినయించిన ఆ ప్రదర్శనకు సాటియైనది ఈ కళలో నేటికిని అరుదని ఈ వ్యాసకర్త దృఢముగా నమ్ముచున్నాడు. నేడు యూట్యూబు, ఇన్‌స్టాగ్రాములలో అరనిమిషపు తునకలు కళాకారునికి శ్రోతలను తెచ్చిపెట్టుచున్నవి. ఆ శ్రోతలే టిక్కెట్టు కొని వచ్చునప్పటికి ఆ తునకలు చెల్లనివగుచున్నవి. చెక్కుడు పూర్తిగాని మాటలు సభలోని ఫోనుల ద్వారా లోకమున కెక్కకుండుటకై, పేరుగన్న కళాకారులు కొందరు ప్రేక్షకుల ఫోనులను తాళము పడు సంచులలో నుంచజేయుచున్నారు.

భారతదేశము, తెలుగువారు

మన దేశమున ఈ కళకు ముందుదారి వేసినది మిమిక్రీ. ఓరుగల్లు బిడ్డ నేరెళ్ల వేణుమాధవ్ (1932–2018) ధ్వన్యనుకరణమును ఒంటరి వేదికాకళగా నిలిపి, 2001లో పద్మశ్రీ నందెను. కనిగిరిలో 1957లో తెలుగు కుటుంబమున జన్మించిన జాన్ ప్రకాశరావు జనుమల, ముంబయిలో పెరిగి, హిందుస్థాన్ లీవర్ కర్మాగారమున పనిచేయుచు, అధికారులను అనుకరించి తోటి కార్మికులను నవ్వించుటచే 'జానీ లీవర్' అను పేరు గాంచెను. వాద్యబృందముల ప్రదర్శనల నడుమ నిలిచి నవ్వించి, ఆ మీదట హిందీ సినిమాలకు పోయెను. 2005లో 'ది గ్రేట్ ఇండియన్ లాఫ్టర్ ఛాలెంజ్' టెలివిజను పోటీయు, 2010లో ముంబయిలో తెరచిన లండను కామెడీ స్టోర్ శాఖయు ఈ కళను నగరముల మధ్యతరగతికి చేర్చినవి. న్యూయార్కులో తెలుగు తలిదండ్రులకు 1982లో జన్మించిన హరి కొండబోలు, వలసవచ్చినవారి హక్కుల కార్యకర్తగా పనిచేసి, ఆ యావేదననే హాస్యముగా మలచెను. కార్టూను ధారావాహికయందలి భారతీయ దుకాణదారుని పాత్రను విమర్శించుచు అతడు 2017లో తీసిన డాక్యుమెంటరీ అమెరికాలో పెద్ద చర్చకు దారితీసినది.

హైదరాబాదు కాఫీ హోటళ్లలో నేడు ఇంగ్లీషు, హిందీ, తెలుగు భాషలలో ఓపెన్ మైకులు జరుగుచున్నవి. ఇంగ్లీషున నేర్చిన పాఠమును తెలుగున చెప్పబూనినవానికి మొదటి చిక్కు వాక్యనిర్మాణమున వచ్చును. ఇంగ్లీషు వాక్యము తుదిని నామవాచకము పడును గనుక ఆశ్చర్యము నచ్చట దాచవచ్చును. తెలుగు వాక్యము క్రియతో ముగియును. "మా మామ పెళ్ళికెళ్ళి మూడు విస్తళ్ళు తిన్నాడు" అన్నచో, నవ్వింపవలసిన సంఖ్య నడుమ జారిపోయి, చప్పని క్రియ తుదిని మిగులును. రచ్చబండపై కూర్చున్న పెద్దలు ఈ చిక్కును ఎన్నడో తీర్చుకొనిరి: "తిన్నాడండీ మా మామ, పెళ్ళికెళ్ళి... మూడు విస్తళ్ళు!" క్రియను ముందునకు ద్రోసి, కర్తను దాని వెనుక నిలిపి, విస్తళ్ళను తుదివరకు చేతిలో దాచుకొను ఈ పల్లెపలుకుబడిని తెలుగు కమెడియన్లు మైకు ముందర మరల నేర్చుకొనుచున్నారు.